పరిహాసమూ ప్రమాణమూ

విజ్ఞానశాస్త్రానికి సంబంధించిన ఒక వార్త వెలువడిన నాడు దానికి మూడు విధాల స్వాగతం లభిస్తుంది. ఒకడు శీర్షిక చదివి, రేపటినుండి ప్రపంచమే మారిపోతుందని నమ్ముతాడు. రెండవవాడు, ఇది మన పూర్వులకు ఎన్నడో తెలిసిన సంగతేనని చెప్పి, ఏ గ్రంథంలో ఉన్నదో చూపకుండానే తృప్తిపడతాడు. మూడవవాడు నవ్వుతాడు. ఒక చమత్కారం విసరి, చుట్టూ ఉన్న పదిమందినీ నవ్వించి, ఆ వార్త సంగతి అంతటితో తేలిపోయినదని భావిస్తాడు. మొదటివాడిని లోకం అమాయకుడంటుంది, రెండవవాడిని చాదస్తుడంటుంది, మూడవవాడిని మాత్రం తెలివిగలవాడంటుంది. ఈ చివరి బిరుదు అతనికి ఎట్లా సంక్రమించినదో విచారించవలసి ఉన్నది. ఏలయనగా, మొదటి ఇద్దరివలెనే అతడు కూడా శీర్షిక దాటి ఒక్క వాక్యమైనా చదివి ఉండకపోవచ్చును.

టీ దుకాణపు బల్లవద్దనైనా, చేతిలోని ఫోనులోనైనా, సాంకేతిక వార్తలమీద సాగే హాస్యప్రసంగాలు నేటి ప్రజాజీవితంలో ఒక భాగమైపోయినవి. అవి వినోదకరంగా ఉంటవి. కొన్ని నిజంగా పదునైనవే. ఇక్కడి ఆక్షేపణ హాస్యంమీద కాదు. పరీక్షించే శ్రమను తప్పించుకొనడానికి హాస్యాన్ని అడ్డుపెట్టుకొనే అలవాటుమీద. నమ్మేవాడిని ఋజువు అడిగే హక్కు నవ్వేవాడికి ఉన్నప్పుడు, నవ్వేవాడిని ఋజువు అడిగే హక్కు కూడా లోకానికి ఉండి తీరవలెను.

1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, రాబర్ట్ గొడార్డ్ అనే అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడిని తన సంపాదకీయంలో ఎగతాళి చేసినది. రాకెట్టు చంద్రునివరకు పోగలదని ఆయన సూచించినాడు. గాలి లేనిచోట రాకెట్టు దేనిని నెట్టి ముందుకు పోతుందని ఆ పత్రిక సందేహం. బడిపిల్లలకు తెలిసిన సంగతి కూడా ఈ ఆచార్యుడికి తెలియదని దాని వెక్కిరింత. నిజానికి తెలియనిది పత్రికకే. రాకెట్టు గాలిని నెట్టి పోదు. తనలోని వాయువును వెనుకకు వెళ్లగ్రక్కి, దాని ప్రతిచర్యవల్ల ముందుకు పోతుంది. ఇది న్యూటను మూడవ సూత్రమే. గాలి తీసివేసిన పాత్రలో గొడార్డ్ ప్రయోగాలు చేసి, వాటి ఫలితాలను ప్రకటించి కూడా ఉన్నాడు. పత్రిక తన పొరపాటును దిద్దుకొన్నది 1969 జులై 17న, అనగా అపోలో 11 చంద్రునివైపు బయలుదేరిన మరునాడు. అప్పటికి 49 సంవత్సరాలు గడచినవి. గొడార్డ్ 1945లోనే మరణించినాడు.

పొరపడడం మహాపరాధమేమీ కాదు. శాస్త్రజ్ఞులు ప్రతిదినం పొరపడుతూనే ఉంటారు. ఇక్కడి అపరాధం వేరు. ఒకవైపు ఒక మనిషి కొలిచి చూచి మాట్లాడినాడు. మరొకవైపు ఒక పత్రిక, కొలిచినదేమో చూడకుండా నవ్వినది. వెక్కిరింతకు ఒక పూట చాలినది. దిద్దుబాటుకు అర్ధశతాబ్దం పట్టినది. పరిహాసానికి రెక్కలుంటవి, పశ్చాత్తాపానికి కుంటికాలు.

ఆ పత్రికే 2014లో మరొక వ్యంగ్యచిత్రం ప్రచురించినది. శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయానం, 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించినది. ఆ సందర్భాన వేసిన చిత్రంలో, అంతరిక్షదేశాల సంఘంలో ఇద్దరు పెద్దమనుష్యులు కూర్చుండి ఉంటారు. తలపాగా చుట్టిన రైతొకడు ఆవును వెంటబెట్టుకొని వచ్చి తలుపు తడుతూ ఉంటాడు. పాఠకుల నిరసన పిమ్మట పత్రిక క్షమాపణ చెప్పుకొన్నది. ఆ చిత్రం మన అభిమానాన్ని గాయపరచినదనడం చిన్న ఆక్షేపణ. అందులో ఒక్క ప్రశ్నయినా లేకపోవడం అసలైన ఆక్షేపణ. ఆ నౌకలోని పరికరాలు ఏమి కొలువగలవు, ఎంత సూక్ష్మంగా కొలువగలవు, పెట్టిన 450 కోట్ల రూపాయలకు లభించే జ్ఞానమెంత అని అడిగి నవ్వి ఉంటే, ఆ నవ్వుకు మన దేశం బదులు చెప్పవలసి ఉండేది. ఆవును చూచి నవ్వినవాడికి చెప్పవలసిన బదులేమున్నది?

పొరుగుదేశాల మధ్య ఈ జాడ్యం మరింత ముదిరినది. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయానం 2లోని విక్రమ్ నౌకతో సంబంధం తెగిపోయినప్పుడు, అప్పటి పాకిస్తాన్ విజ్ఞాన సాంకేతికశాఖ మంత్రి ఫవాద్ చౌదరి బాహాటంగా హేళన చేసినారు. విజ్ఞానశాఖను నిర్వహించే మంత్రికి ఒక శాస్త్రప్రయత్నపు వైఫల్యం వేడుకగా కనిపించినది! 2023 ఆగస్టులో చంద్రయానం 3 దిగబోతున్న సమయానికి, ఆ దృశ్యాన్ని తమ దేశపు ప్రసారసాధనాలు ప్రత్యక్షంగా చూపవలెనని కోరినవారు కూడా ఆయనే. మార్పు మెచ్చదగినదే. కాని ఆ నాలుగేండ్లలో పరిహాసకులు నేర్చినదేమీ లేదు. నేర్చినవారు ఇంజనీర్లు. వారు వైఫల్యపు లెక్కలు ముందు వేసుకొని కూర్చున్నారు; దిగవలసిన స్థలపు వైశాల్యం పెంచినారు; నౌక కాళ్లను దృఢపరచినారు; ఆగస్టు 23న దించినారు. పొరుగువాడి రాకెట్టు కూలితే కేకలువేసి నవ్వేవారికి మన దేశంలోనూ కొరత లేదన్న సంగతి ఇక్కడ మరువరాదు.

అయితే శాస్త్రాన్ని దేవాలయంవలె చూచి, దాని ముందు చేతులు కట్టుకొని నిలువవలెనా? అట్లా కోరేవాడు శాస్త్రానికి మొదటి శత్రువు. నవ్వు శాస్త్రానికి చేసిన మేలు చాలా ఉన్నది. 1903లో ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో బ్లాండ్లో అనే ఆచార్యుడు ఎన్-కిరణాలనే కొత్త కిరణాలను కనుగొన్నట్లు ప్రకటించినాడు. మరుసటి యేడు అమెరికానుండి ఆర్. డబ్ల్యు. వుడ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆయన ప్రయోగశాలకు వెళ్లినాడు. వుడ్ గొప్ప కొంటెవాడు. పిట్టలకూ పువ్వులకూ భేదం చెప్పే హాస్యపద్యాల పుస్తకం కూడా తరువాత వ్రాసినాడు. చీకటిగదిలో ప్రయోగం సాగుతుండగా, ఆ కిరణాలను విడదీసే అల్యూమినియం పట్టకాన్ని అతడు ఎవరికీ తెలియకుండా తీసివేసినాడు. చూచేవారికి మాత్రం కిరణాలు ఎప్పటిచోటనే కనిపించినవి! ఎన్-కిరణాల కథ దాదాపు అక్కడితో ముగిసినది. అది చిలిపిపని, అదే ప్రయోగం కూడా.

వంగదేశంలో రాజశేఖర బసు ఈ రహస్యం ఎరిగిన రచయిత. ఆయన రసాయనశాస్త్రజ్ఞుడు, ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ స్థాపించిన బెంగాల్ కెమికల్ సంస్థను నడిపినవాడు, పరశురామ్ అనే పేరుతో హాస్యకథలు వ్రాసినవాడు. ఆయన విరించి బాబా కథలో, కాలాన్నే తన వశం చేసుకొన్నానని చెప్పుకొనే ఒక బాబా చదువుకొన్నవారిని సైతం వశపరచుకొంటాడు. కొందరు యువకులు అతడిని తిట్టరు, వాదించరు. అతని గదిలో దేవుడు ప్రత్యక్షమైన వేళకు పొగ రాజేసి, నిప్పంటుకొన్నదని కేక పెడతారు. దేవుడు ప్రాణభయంతో పరుగు లంకించుకొంటాడు. వుడ్ పట్టకం తీసివేయడం, ఈ యువకులు పొగ పెట్టడం ఒకే జాతికి చెందిన పనులు. ఆ పరిహాసానికి ముందు ఒక పరీక్ష ఉన్నది. పరీక్ష విఫలమై ఉంటే నవ్వులపాలు కావలసినవారు వారే. ఈ అపాయాన్ని నెత్తిన వేసుకొననివాడి నవ్వు చౌకబారు నవ్వు.

2015 జనవరిలో ముంబయిలో జరిగిన 102వ భారత సైన్సు కాంగ్రెసులో ప్రాచీన విమానవిద్యపై ఒక ప్రసంగం జరిగినది. ప్రాచీనకాలంలో విమానాలు గ్రహాంతరాలకు పోయేవని అందులో చెప్పినారు. దేశమంతటా నవ్వులు చెలరేగినవి; నవ్వదగిన మాటే అది. కాని ఆ వాదానికి మూలమైన వైమానిక శాస్త్రాన్ని 1974లోనే బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన ముకుంద ప్రభృతులు, మొత్తం అయిదుగురు శాస్త్రజ్ఞులు, పరిశీలించి ఉన్నారు. వారు గ్రంథభాషను, ఛందస్సును పరిశీలించి, అది 1904కు ముందుది కాజాలదని తేల్చినారు. అందులోని విమానాల ఆకారాన్ని, బరువును, నడిపే బలాన్ని లెక్కగట్టి, ఒక్కటైనా ఎగురజాలదని నిర్ణయించినారు. 2015లో చమత్కారాలు విసరినవారిలో ఆ లెక్కను తెరచి చూపినవారు ఎందరు? విశ్వాసి పరిహాసాన్ని పూర్వులకు జరిగిన అవమానమని త్రోసివేయగలడు. లెక్కను అట్లా త్రోసివేయలేడు. అంతేకాదు, ప్రాచీనమన్నంత మాత్రాన నవ్వేవాడు, భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని అయిదవ శతాబ్దపు చివరలోనే చెప్పిన ఆర్యభటుని కూడా ఆ నవ్వులోనే కొట్టివేస్తాడు. తాలును చెరిగే చేట గింజను నిలుపవలెను గదా!

నవ్వినవాడి మాట ఒక్కొక్కప్పుడు నిజమవుతుంది. 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కె-99 అనే పదార్థాన్ని ప్రకటించినారు. సాధారణ ఉష్ణోగ్రతలోనే, సాధారణ పీడనంలోనే, అది ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును ప్రవహింపజేస్తుందని వారన్నారు. లోకం రెండు శిబిరాలై, ఒకటి పండుగ చేసుకొన్నది, మరొకటి పకపక నవ్వినది. ఆ సమయంలో కొందరు కొలిమి వెలిగించినారు. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు ఆ పదార్థాన్ని స్వయంగా తయారుచేసి పరీక్షించినారు. చెప్పిన గుణం కనిపించలేదు. నిరోధం హఠాత్తుగా పడిపోయినట్లు కనిపించడానికి అందులోని రాగి సల్ఫైడు అనే మలినమే కారణమని ఇతరులు తేల్చినారు. ఆగస్టు ముగియకముందే వివాదం సద్దుమణిగినది. అప్పుడు నవ్వినవారందరూ, మేము ముందే చెప్పినామన్నారు. కాకి వాలినంతనే తాటిపండు రాలినది నిజమే. పండును రాల్చినది కాకి కాదు.

సామాన్యుడికి కొలిమి ఎక్కడిది, లెక్కలు ఎక్కడివి, అతని చేతిలో ఉన్న ఒకే ఆయుధం నవ్వు కదా అని కొందరంటారు. ఈ వాదంలో కొంత న్యాయమున్నది. పత్రికలు, వర్తకులు, ప్రభుత్వాలు, ఒక్కొక్కప్పుడు శాస్త్రజ్ఞులే గోరంతను కొండంత చేసి చెబుతున్నప్పుడు ప్రజలు నవ్వకపోతే మోసపోతారు. కాని సామాన్యుడికి ప్రయోగశాల లేకపోయినా ప్రశ్న ఉన్నది. కొలిచినది ఎవరు? దేనితో పోల్చినారు? మరొకరు చేసి చూచినారా? ఈ మూడు ప్రశ్నలకు పట్టభద్రత అక్కరలేదు. బజారులో బెండకాయ కొనేటప్పుడు చివర విరిచి చూచే గృహిణికి ఈ శాస్త్రం పుట్టుకతోనే తెలుసు. ఆ ప్రశ్నను చమత్కారంలో పొదిగి అడిగితే అది మరింత దూరం పోతుంది. ప్రశ్న లేని చమత్కారం గాలిలో పేలిన టపాకాయ.

తనమీద తాను నవ్వుకొనే శాస్త్రజ్ఞుడు కూడా ఉన్నాడు. అయస్కాంతబలంతో కప్పను గాలిలో తేల్చినందుకు ఆంద్రే గైమ్‌కు 2000లో, మైఖేల్ బెర్రీతో పాటు, ఇగ్ నోబెల్ అనే హాస్యబహుమానం ఇచ్చినారు. ఆయన చిన్నబుచ్చుకొనలేదు. 2010లో గ్రాఫీన్ పరిశోధనకు ఆయనకే, నోవోసెలోవ్‌తో పాటు, అసలు నోబెల్ బహుమానం వచ్చినది. కప్పను చూచి నవ్వి, ఆ మనిషిని అంతటితో కొట్టివేసినవాడు పదేండ్ల తరువాత ఏమని సమాధానం చెప్పుకొంటాడు?

శాస్త్రజ్ఞుడు పొరపడితే తన పత్రాన్ని ఉపసంహరించుకొనవలెనని లోకం శాసిస్తున్నది. పరిహాసకుడికి అట్టి శాసనం లేదు. అతని చమత్కారం తప్పని తేలినా అది నోటినుండి నోటికి తిరుగుతూనే ఉంటుంది. నవ్వే హక్కును ఎవరూ హరించరాదు. కాని చదివి నవ్వడం, ప్రశ్నించి నవ్వడం, తప్పని తేలిననాడు నవ్వినంత బిగ్గరగానే దిద్దుకొనడం, ఈ మూడింటిని పాటించనివాడిని తెలివిగలవాడని పిలువడం లోకం మానుకొనవలెను. శీర్షిక చూచి నమ్మినవాడికీ, శీర్షిక చూచి నవ్వినవాడికీ భేదం పండ్లు కనిపించడంలోనే ఉన్నది.