ముందు కుక్కరు కొనండి

మణికొండలో కొత్తగా కాపురం పెట్టిన పిల్లలకు, నలుగురు కలిసి ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉంటున్న అబ్బాయిలకు, అమ్మాయిలకు,

నేను మీ పెద్దమ్మ వయసుదాన్ని. రాత్రి ఎనిమిది దాటాక మర్రిచెట్టు వైపు కర్రీ పాయింట్ల ముందు మిమ్మల్ని చూస్తూనే ఉంటాను. అన్నం ఇంట్లో వండుకుంటారు, పప్పూ వేపుడూ పచ్చడీ పాకెట్లు కట్టించుకుని వెళ్తారు. కర్రీ పాయింటు మీద నాకేం కోపం లేదు. ఆఫీసులో ఆలస్యమైన రోజున ఆదుకునేది అదే. కానీ రోజూ అక్కడే తెచ్చుకుంటే కూరలో ఉప్పెంతో నూనెంతో మీ చేతిలో ఉండదు. నాకు ఆశ్చర్యం వేసేది ఇంకొకటి. మీలో చాలామంది ఇళ్లలో ఎయిర్ ఫ్రయరుంది, శాండ్‌విచ్ మేకరుంది, జ్యూసరుంది. అయినా పప్పు మాత్రం బయటినుంచే వస్తోంది.

మన వంటలో మనిషిని అలసగొట్టే పనులు రెండే: గంటల తరబడి ఉడకబెట్టడం, రుబ్బడం. మా అమ్మల చేతులు కాయలు కాచింది ఈ రెండింటి దగ్గరే. తరగడం, పోపు పెట్టడం, వేయించడం చేత్తో అయిపోయే పనులు. కాబట్టి ఆ రెండు బరువులూ దించే సామాను ముందు కొనండి. మిగతావాటి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మొదటిది కుక్కరు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్లో ఆవిరి బిగబట్టి ఉంటుంది గనక వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. గిన్నెలో ముప్పావుగంట పట్టే కందిపప్పు పావుగంటలో మెత్తబడేది అందుకే. ఇద్దరుంటే మూడు లీటర్లది, నలుగురుంటే అయిదు లీటర్లది చాలు. లోపల పట్టే గిన్నెలు కూడా తీసుకుంటే ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో పప్పు ఒకేసారి అయిపోతాయి. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. 2021 నుంచి అది లేని కుక్కరు అమ్మకూడదని చట్టమే ఉంది.

మీ ఫ్లాట్లలో పప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోందని వింటుంటాను. తప్పు కుక్కరుది కాకపోవచ్చు. మన వైపు వాడకానికి వచ్చేది ఎక్కువగా బోరునీళ్లు, ట్యాంకరు నీళ్లు. కెటిల్ అడుగున తెల్లగా గారలాగా పేరుకునే సున్నం ఉంది చూడండి, అదే పప్పు గింజను మెత్తబడనివ్వదు. పప్పు కడగడానికి పంపు నీళ్లు వాడండి, నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగే నీళ్లు పోయండి. పొద్దున ఆఫీసుకు వెళ్తూ ఫ్రిజ్‌లో నానబెట్టి పోతే రాత్రికి మూడు విజిల్స్ చాలు. చింతపండు పులుసు, టమాటా ముందే వేయకండి, పులుపు తగిలితే పప్పు బిగుసుకుంటుంది.

పప్పూ నీళ్లూ కలిపి కుక్కర్లో సగానికి మించకూడదు. నురగ పైకి వచ్చి ఆవిరి గొట్టాన్ని మూసేస్తే ప్రమాదం. చుక్క నూనె వేస్తే నురగ తగ్గుతుంది. మూత పెట్టే ముందు ఆ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి, అవతలి వెలుగు కనబడాలి. గ్యాస్కెట్ సాగిందంటే ఆవిరి పక్కనుంచి పోతుంది. దాన్ని మార్చండి, అదే కంపెనీది వేయండి.

రెండోది మిక్సీ. ఇది మన వంట కోసమే పుట్టిన యంత్రం. 1960ల్లో బొంబాయిలో మాధురీ మాథుర్ గారింట్లో జర్మన్ మిక్సీ పాడైపోయింది. బాగుచేయించే దారి ఇక్కడ లేదు. ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. మన పసుపు కొమ్మునూ ఎండుమిర్చినీ నానిన మినప్పప్పునూ తట్టుకునే బలమైన మోటారుతో ఆయన తయారుచేసినదే సుమీత్ మిక్సీ. ఆ తర్వాత వచ్చిన మిక్సీలన్నీ దాదాపు ఆ దారినే నడిచాయి. అందుకే విదేశీ బ్లెండరు చూసి ముచ్చటపడకండి. దాంట్లో పండ్లరసం బాగా వస్తుంది, కొబ్బరి పచ్చడి రాదు. 750 వాట్ల మామూలు మిక్సీ కొనండి. కొనేటప్పుడు పెద్ద జారు కంటే చిన్న జారును శ్రద్ధగా చూడండి. ఇద్దరికి సరిపడా కాస్త పచ్చడి వేసినా బ్లేడుకు అందేలా ఉండాలి.

మిక్సీ పచ్చడి పేస్టులా అయిపోతుందని చాలామంది విసుక్కుంటారు. దొండకాయ పచ్చడే తీసుకోండి. వేయించిన ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు, చింతపండు ముందు మెదపండి. మగ్గిన దొండకాయ ముక్కలు పూర్తిగా చల్లారాకే వేయండి, వేడివేడిగా వేస్తే ఆవిరికి మూత ఎగిరిపడుతుంది. అప్పుడు మీటను ఎడమవైపుకు తిప్పి వదలండి. గరిటెతో కిందామీదా కలిపి మళ్లీ ఒక్కసారి తిప్పండి. అంతే, ఆపేయండి. ముక్క పంటికి తగులుతుంది, రోటి పచ్చడికి దగ్గరగా వస్తుంది.

రైస్ కుక్కరు కూడా రోజూ పనికొచ్చేదే. 1955లో జపాన్‌లో తోషిబా వాళ్లు బజారులోకి తెచ్చారు. వాళ్లూ మనలాగే మూడు పూటలా అన్నం తినేవాళ్లు. నీళ్లున్నంతసేపూ గిన్నె అడుగు వేడి మరిగే నీటి వేడిని దాటదు. నీళ్లు ఇగిరాక పెరుగుతుంది, అప్పుడు అడుగునున్న అయస్కాంతం పట్టు వదిలి మీట టక్కున మారిపోతుంది. మీరు మీటింగులో ఉన్నా అన్నం మాడదు.

ఇండక్షన్ స్టవ్వు గురించి ఒక హెచ్చరిక. 2000 వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దాన్ని 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గులోనే పెట్టండి. ఫోను చార్జరు పెట్టే ప్లగ్గులో ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి వాడటం నేను చూశాను, వైరు వేడెక్కి కరుగుతుంది. మామూలు అల్యూమినియం గిన్నెలు దాని మీద పనిచేయవు. అయస్కాంతం అడుగుకు అంటుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది. అద్దె ఇంటికి గ్యాసు కనెక్షను కష్టమైతే అయిదు కిలోల చిన్న సిలిండరుంది, అడ్రసు రుజువు అడగరు, గుర్తింపు కార్డు చాలు.

ఒక మంచి కత్తి, తొక్కు తీసే పీలరు, మందపాటి ఇనప మూకుడు, పప్పుగుత్తి. వీటికి ఖర్చు పెట్టండి. మొద్దు కత్తితో ఉల్లిపాయ తరగలేకే సగంమంది వంట మానేస్తున్నారని నా నమ్మకం. తాడు లాగితే తిరిగే ప్లాస్టిక్ చాపర్ చవక వస్తువే గానీ నిజంగా పనికొస్తుంది, ఉల్లిపాయలకు మరీ.

ఎయిర్ ఫ్రయరు మంచిదే. అది ఫ్యాను ఉన్న చిన్న ఓవెన్, నూనె తక్కువ పడుతుంది. కానీ బెండకాయ వేపుడు మూకుడులో రెండు చెంచాల నూనెతో సన్నని సెగ మీద అయ్యేదే. ముందు అది చేయడం అలవాటు చేసుకుని, అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోండి. అబ్బాయిలూ, ఇది మీకూ చెబుతున్నాను. ఇంట్లో భార్య ఉందని మిక్సీ ఆమెకు కొనిచ్చి ఊరుకోకండి, చిన్న జారు కడిగి బోర్లించేదాకా మీ పనే.

వెట్ గ్రైండరు ఇప్పుడే వద్దు. మిక్సీ వేగానికి పిండి వేడెక్కుతుంది, గ్రైండరు రాళ్లు నెమ్మదిగా తిరిగి పిండిని చల్లగా, పొంగుతూ ఉంచుతాయి, నిజమే. కోయంబత్తూరు గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ ఇద్దరే ఉన్న ఇంట్లో అది గట్టు మీద చోటు తినేస్తుంది. వారానికి ఒకసారి ఇడ్లీ పిండి పాకెట్టు తెచ్చుకోండి, తప్పేం లేదు. అమ్మానాన్నలు వచ్చి మీతో ఉండేటప్పుడు రెండు లీటర్లది కొనండి. గిన్నెలూ మూకుడూ మాత్రం ఆన్‌లైన్లో బొమ్మ చూసి కాకుండా ఒకసారి బేగంబజారు వెళ్లి, చేత్తో ఎత్తి బరువు చూసి తెచ్చుకోండి.

ఉంటాను,
మీ పెద్దమ్మ
మణికొండ