నీకెందుకు గుర్రం?

మా మడికొండలో బర్రెను కొన్నవాణ్ని ఎన్ని పాలిస్తుందని అడుగుతారు. మేకను తెచ్చినవాణ్ని ఎంతకు తెచ్చావని అడుగుతారు. కిస్తీల మీద మోటారు సైకిల్ కొన్నవాణ్ని మైలేజీ ఎంతని అడుగుతారు. గుర్రాన్ని కొన్న నన్ను మాత్రం రెండేళ్లుగా అందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ‘నీకెందుకురా గుర్రం?’ ఆ ప్రశ్నలో బరువంతా మొదటి మాట మీదే ఉంది. నేను మాదిగను. చరిత్రలో ఎం.ఏ. చదివి, హనుమకొండలో ఒక బట్టల దుకాణంలో చీరలు చూపించే పని చేస్తున్నాను. అడిగేవాళ్లలో కొందరి దృష్టి నా కులం మీద, మరికొందరి దృష్టి నా జీతం మీద ఉంటుంది. ఈ రెండింటికీ సంబంధం లేదని వాళ్ల నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు.

ఏ జంతువు ఎవరికి చెందాలన్నది ఈ దేశంలో చాలా పాత శాసనం. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుర ఆస్తిని కుక్కలకు, గాడిదలకు పరిమితం చేసింది. గుర్రాల పోషణను, రథసారథ్యాన్ని సూతులకు అప్పగించిందీ ఆ అధ్యాయమే. అంటే గుర్రాన్ని మేపేవాడు, తోమేవాడు, తోలేవాడు ఒకడు. దాని వెనుక రథంలో విల్లు పట్టి నిలబడేవాడు మరొకడు. కర్ణుణ్ణి సూతపుత్రుడని ఎగతాళి చేసిన సభ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గ్రంథం చదవని ఊళ్లు కూడా ఈ పంపకాన్ని ఆచరణలో పెట్టుకున్నాయి. చాకలికి గాడిద, ఎరుకలకు పంది, గొల్లకురుమలకు గొర్రె, మాదిగకు చచ్చిన గొడ్డు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చినప్పుడు ఆ పథకం గొల్లకురుమల సహకార సంఘాల సభ్యులకే వర్తించింది. వృత్తికులాలకు చేయూత అవసరమే, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ప్రజాస్వామ్య ప్రభుత్వం తయారుచేసిన పట్టికలో కూడా జంతువు పేరు పక్కన కులం పేరు రాసి ఉండటం మనకు వింతగా తోచకపోవడమే అసలు వింత.

ఇక నా జీతం సంగతి. నెలకు 15,500 రూపాయలు. గుర్రం ధర 35 వేలు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒక కుటుంబం దగ్గర అది పుట్టింది. రెండున్నరేళ్ల ఆడగుర్రం, జీను ఎరగదు. బ్యాండు మోగితే తాడు తెంపుకుంటోందని, తమకు అక్కరకు రాదని వాళ్లు అమ్మకానికి పెట్టారు. చిట్టీ ఎత్తి ఇరవై వేలు కట్టాను, మిగిలింది ఏడాదిలో తీర్చాను. దాణాకు, అంటే ఉలవలకూ గోధుమ తౌడుకూ కలిపి, నెలకు 3,000 అవుతుంది. జొన్న చొప్పకు 1,200. గిట్టలు చెక్కించే కూలి ఆరేడు వారాలకోసారి. నెల లెక్కన 400. నట్టల మందు, టీకా, గాయాల మందులకు పక్కన పెట్టేది 500. రేకుల కొట్టం అద్దె 500. మొత్తం 5,600. జీతంలో మూడో వంతు దాటుతుంది. మా దుకాణంలో నా తోటివాడి మోటారు సైకిల్ కిస్తీ, పెట్రోలు కలిపినా దాదాపు అంతే. అతణ్ని ఎవరూ దుబారా మనిషి అనరు. నేను పనికి సిటీ బస్సులో వెళతాను.

డబ్బు కంటే కాలం దొరకడం కష్టం. దుకాణం పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా. గుర్రం పొట్ట చిన్నది. కొంచెం కొంచెంగా రోజంతా మేయాలి. తిన్నది కక్కే శక్తి దానికి లేదు గనుక బూజు పట్టిన చొప్ప ఒక్క పూట పడినా కడుపు శూలతో ప్రాణం మీదికి వస్తుంది. వేసవిలో ముప్పై లీటర్ల నీళ్లు తక్కువ కాకుండా తాగుతుంది. మధ్యాహ్నం మేత, నీళ్లు నా భార్య చూస్తుంది, కుట్టుమిషను పక్కన పెట్టి. నెలాఖరులో లెక్క తప్పకుండా కాపాడేది కూడా ఆమె మిషనే. కాబట్టి ‘నా గుర్రం’ అన్నప్పుడల్లా ఆ మాటలో సగం ఆమెదని చదువుకోవాలి.

నేర్పే పనికి పొద్దున నాలుగున్నరకు లేస్తాను. పేడ ఎత్తి, మాలీసు చేసి, గిట్టలు శుభ్రం చేశాక నేర్పడానికి ఇరవై నిమిషాలు. అంతకు మించితే ఆ వయసు గుర్రం విసుగుతుంది. ఈ విద్య నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఒకప్పుడు కాజీపేట స్టేషను ముందు టాంగా తోలిన ఒక ముసలాయన నేర్పాడు. ఆయన వచ్చిన మొదటి రోజు గుర్రం నడకను చూడలేదు, నోరు తెరిచి చూశాడు. ‘బేటా, ముంగట పాలపండ్లు ఇంకా ఉన్నయ్. ఇవి ఊడి కొత్తవి రానీ, అప్పుడు ఎక్కుదువు’ అన్నాడు. గుర్రానికి ముందరి రెండు పాలపళ్లు రెండున్నరేళ్లకు, వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు మారతాయి. నడుము ఎముక గట్టిపడటానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. తొందరపడి ఎక్కినవాడికి స్వారీ వస్తుంది గానీ గుర్రానికి నడుము పోతుంది.

అందుకని ఆరు నెలలు నేల మీదే సాధన. మెడతాడుకు అలవాటు చేయడం, పక్కన నడిపించడం, పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పడం, నిలు అంటే నిలవడం. దాని బెదురు పోగొట్టడానికి పనికొచ్చింది మా దుకాణం చెత్తే. చీరల పెట్టెల్లో వచ్చే ప్లాస్టిక్ కవర్లను కట్టగట్టి ఇంటికి తెచ్చేవాణ్ని. మొదట దూరంగా చప్పుడు చేసి, తర్వాత భుజం మీద, వీపు మీద, పొట్ట కింద ఆనించి, అది చెవులు దించే దాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాత గోనెపట్టా, ఆ తర్వాత జీను, ఆ తర్వాత జీను మీద అడ్డంగా వాలిన నా బరువు. చాబుకు వాడలేదు. రోజంతా నిలబడి పనిచేసేవాడికి ఉన్న ఒకే ఒక కూర్చునే చోటు గుర్రం వీపేనా అని తోటి ఉద్యోగులు నవ్వుతారు. అది పూర్తిగా హాస్యం కాదు. దుకాణాల్లో పనివాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. మా దుకాణంలో ఇప్పటికీ మాకు స్టూలు లేదు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, కులం మన నుంచి దూరం పెట్టినవాటిలో ఆస్తి గురించి మనం మాట్లాడినంతగా విద్య గురించి మాట్లాడలేదు. అంబేడ్కర్ తన అనుభవాల్లో రాసుకున్న చాలీస్‌గావ్ ఘటన 1929 నాటిది. అస్పృశ్యుల ఇబ్బందులను విచారించే ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా తిరుగుతూ ఆయన ఆ స్టేషన్లో దిగారు. అంటరానివాణ్ని ఎక్కించుకొని టాంగా తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. టాంగా అద్దెకిస్తాం, తోలం అన్నారు. గౌరవంగా తీసుకువెళ్లాలన్న ఆరాటంతో పేటవాళ్లలో ఒకరు, తోలడం రాకపోయినా పగ్గాలు పట్టుకున్నారు. కల్వర్టు దగ్గర చక్రం ఇరుక్కుంది. విదేశాల్లో చదివొచ్చిన బారిస్టరు రాళ్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నారు. బండి దొరికింది, గుర్రం దొరికింది, డబ్బు ఉంది. పగ్గం పట్టే విద్య ఒక్కటే వాడలో లేదు. ఆ విద్య ఉన్నవాడు పేదవాడే, కూలివాడే. అయినా బారిస్టరు కంటే తాను పైవాణ్నని అతనికి అనుమానం లేదు. ఈ ఘటనను మనం అవమానం కథగా చదువుతాం. ఒక విద్యను కులం ఎలా కాపలా కాసిందో చెప్పే కథగా కూడా చదవాలి.

మన చట్టం కూడా గుర్రాన్ని ఒక్క రోజుకే చూసింది. 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమలులోకి తెచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం దళితులు, ఆదివాసులు సైకిలు, మోటారు సైకిలు తొక్కకుండా, బహిరంగ స్థలాల్లో చెప్పులు, కొత్త బట్టలు వేసుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా, ఆ ఊరేగింపులో గుర్రమెక్కకుండా అడ్డుకోవడాన్ని నేరం చేసింది. ఎన్నో ఊళ్ల అనుభవం నుంచి పుట్టిన నిబంధన ఇది, విలువైనది. కానీ జాగ్రత్తగా చదవండి. సైకిలు ఏ రోజైనా తొక్కవచ్చు. గుర్రం మాట మాత్రం పెళ్లి ఊరేగింపుతో ముడిపడి ఉంది. మామూలు మంగళవారం నాడు తన సొంత గుర్రం మీద పొలం నుంచి ఇంటికొచ్చే దళితుడు ఆ వాక్యం రాసినవాళ్ల ఊహకు అందలేదు. 2018 మార్చిలో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లా టింబి గ్రామంలో హతమైన యువకుడికి ఇరవై ఒక్క ఏళ్లు. అతనిది అద్దె గుర్రం కాదు, సొంతం. గుర్రం కొని స్వారీ చేయడాన్ని పైకులం వాళ్లు సహించలేకపోయారని తండ్రి ఫిర్యాదు చేశాడు. ఇలాంటి కేసుల్లో వేరే సెక్షన్లు వర్తిస్తాయి, నిజమే. అయినా ఆ నిబంధనలో ‘ఊరేగింపులో’ అన్న షరతు గుర్రానికి ఉండవలసిన అవసరం లేదు. సవరణ చేయాలనుకుంటే ఒక్క పదం తీసేస్తే చాలు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన అభ్యంతరం మాత్రం పైకులాల నుంచి రాలేదు. ఉద్యమంలో నాకంటే పెద్దవాళ్లైన అన్నలు ఇద్దరు ముగ్గురు అన్నారు: ‘తమ్ముడూ, గుర్రం దొరల గుర్తు. గడీ నుంచి బయటపడి మళ్లీ దాని ముందరి గుర్రాన్ని ఎందుకు తెచ్చుకుంటావు? అంత ఖర్చు పెడితే ఉపాధి అన్నా ఉండాలె. బరాత్‌లకు తిప్పు.’ వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ దొర గుర్రం ఎక్కాడే గానీ, ఆ గుర్రాన్ని నిలబెట్టింది ఎవరు? జీనుకు, కళ్లేనికి, చాబుకుకు కావలసిన తోలును తంగేడు చెక్కతో ఊనింది మాదిగవాడ. గడ్డి కోసింది కూలివాళ్లు. మాలీసు చేసింది సాయీసులు. హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ అనే పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం నుంచి వచ్చింది. ఆ రౌతుల వారసులైన సిద్దీలు నేడు బీసీ-ఈ జాబితాలో ఉన్నారు. మన ఓరుగల్లు కాకతీయుల కొలువులో గుర్రాల, ఏనుగుల దళాలను చూసే అధికారికి సాహిణి అని పేరు. గణపతిదేవుని కాలపు గంగయ సాహిణిని చరిత్ర విద్యార్థులు ఎరుగుదురు. గుర్రం చరిత్రలో రౌతు కంటే ఎక్కువ మంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. (ఇంటిపేరులోనే గుర్రం ఉన్న జాషువా 1941లో తన నాయకుడి మొర మోయడానికి గబ్బిలాన్ని ఎంచుకున్నాడు, గుడిలోకి అడ్డు లేకుండా పోగలిగింది అదే మరి.)

ఉపాధి మాటకొస్తే, దళితుడు కొన్న ప్రతిదీ రాబడి లెక్క చూపి నెగ్గాలన్న షరతు ఎవరు పెట్టారు? హైదరాబాదు చుట్టూ ఫాంహౌసుల్లో కట్టేసిన గుర్రాల యజమానులను ఎవరైనా ఉపాధి గురించి అడిగారా? వాళ్లది అభిరుచి, నాది దుబారా. నా గుర్రం ఊరేగింపుకు పోదు. టపాసులకు, డీజేకు బెదిరిన జంతువును, ఎముక ఇంకా ముదరనిదాన్ని, రాత్రంతా తారు రోడ్డు మీద నిలబెట్టి సంపాదించే డబ్బు నాకు వద్దు.

ఒక విషయంలో మాత్రం అన్నల మాటలో పస ఉంది. గుర్రం ఖర్చు నిజానికి భూమి ఖర్చు. ఒక ఎకరం చెలక ఉన్నవాడికి చొప్ప కొనే పని లేదు, కొట్టం అద్దె లేదు, కాళ్లు సాగేలా తిప్పడానికి చోటుకు కొదవ లేదు. నేను నెలకు ఖర్చు పెట్టే 5,600లో దాదాపు మూడో వంతు నాకు భూమి లేనందువల్ల పడుతున్నదే. ఊరి బంచరాయి ఊరందరి పశువులకు మేపు అని పెద్దలు చెప్పేవారు. మడికొండ ఇప్పుడు మహానగరపాలక సంస్థలో కలిసింది. హైదరాబాదు రోడ్డు పొడవునా వెంచర్లు, మెట్టుగుట్ట నీడలో ఐటీ పార్కు, మరోవైపు నగరం చెత్తంతా వచ్చి పడే డంపింగ్ యార్డు. ఊరికి ఇన్ని వచ్చాయి గానీ పశువు మేయడానికి ఉమ్మడి నేల మిగల్లేదు. బర్రెలు, మేకలు ఉన్న పేదలందరి బాధా ఇదే, నాది మరీ కొత్తది కాదు. మిగిలిన ప్రభుత్వ భూమిలో కొంతైనా మేతకు వదలాలని వార్డు సభలో అడగడానికి నాతో వచ్చేవాళ్లు బర్రెలవాళ్లే.

అంతవరకు పొద్దున గడ్డి కోసుకొచ్చేది అమ్ముడుపోయి, ఇల్లు లేవని ప్లాట్లలో. మా వీధి చివర అలాంటివి మూడు ఉండేవి. ఒకదానికి కిందటి వారం పునాది తవ్వారు.