దిమాగ్ అంటే దాచుకునే మాటా?

మా చెల్లెలి బిడ్డకు ఏడో నెలలోనే కాన్పయింది. పాప కిలోన్నర కూడా లేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. మూడో దినం డాక్టరమ్మ వచ్చి, "నెత్తికి తీగలు పెట్టి దిమాగ్ ఎట్ల పనిచేస్తుందో చూడాలె" అన్నది. అంతే, వార్డు బయట ఖాందాన్ రెండు ముక్కలైంది. "దిమాగ్ ఖరాబ్ అని కాగితం మీద రాస్తే రేపు షాదీ ఎట్లయితది?" అన్నది పాప దాదీ. మూడు దినాల బచ్చీకి షాదీ ఫికర్! నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

తీగలు ఎందుకో మాకెవరూ నింపాదిగా చెప్పలేదు. అడిగి తెలుసుకున్నది రాస్తున్నా. 37 వారాలు నిండకముందు పుడితే వక్తుకు ముందు పుట్టినట్టు. 32 వారాల లోపు పిల్లలకైతే దిమాగ్‌లోని రక్తనాళాలు చాలా నాజూకు. రక్తం కారితే ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే. మాడు మీద పెట్టి చేసే స్కాన్ రక్తం ఎక్కడ కారిందో తస్వీర్ చూపిస్తుంది. తీగలు ఆ దిమాగ్ ఇప్పుడెలా నడుస్తోందో చెప్తాయి. అవి కరెంటు లోపలికి పంపవు, లోపల పుట్టే సన్నటి కరెంటును రాసుకుంటాయి, అంతే. గంటల లెక్కను ఒక పట్టీలా కుదించి చూపే ఈ మిషన్‌ను 1960లలో లండన్‌లో మేనార్డ్, పమేలా ప్రయర్ పెద్దవాళ్ల కోసం తయారుచేశారు. తర్వాత అది పసిపిల్లల దగ్గరికి వచ్చింది.

అసలు సంగతేమిటంటే, పసిపిల్లలకు ఫిట్స్ వచ్చినా చాలాసార్లు కాలూ చెయ్యీ కొట్టుకోవు. మా పాప హాయిగా నిద్రపోతున్నట్టే ఉంది. లోపల తుఫాను నడుస్తోందని గీతలే చెప్పాయి. మందు మొదలైంది. నోరు లేని బచ్చీకి ఆ తీగలే జబాన్ అయ్యాయి.

ఆ గీత తఖ్దీర్ రాత కాదు. గీత బాగాలేని పిల్లలు నడిచారు, బాగున్న పిల్లలు వెనకబడ్డారు. అందుకే స్కాన్, పరీక్ష అన్నీ కలిపి చూస్తారు, ఇంటికి పంపాక కూడా పిలుస్తారు. మనం తప్పేది అక్కడే. చిల్లా అయింది, అఖీఖా అయింది, బచ్చీ నవ్వుతోంది, ఇక దవాఖానా ఎందుకంటాం. మెడ ఎప్పుడు నిలిపింది, చూపు ఎటు పోతోంది, చెవి వింటోందా అన్నది చూడాలి. రెండు నెలలు ముందు పుట్టిన బచ్చాకు వయసు లెక్కలో రెండు నెలలు తగ్గించి చూడాలి. లోపం ముందే తెలిస్తే కసరత్తుతో చాలా సరిచేయొచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డీఈఐసీ కేంద్రాలు దీనికే ఉన్నాయి, ఖర్చు లేకుండా.

ఇక సర్కారుకు ఒక సవాల్. చుట్టుపక్కల జిల్లాల పసికందులంతా మన వరంగల్ ఎంజీఎంకే వస్తారు. అట్లాంటి ప్రతి సర్కారీ దవాఖానాలో రాత్రీ పగలూ ఈ మిషన్ నడవాలి, గీత చదివే చేతులుండాలి. పైసలున్న బచ్చాకే దిమాగ్ ఉందా?

దువా మానమని ఎవరన్నారు? ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్లమే కదా. బచ్చా అల్లా ఇచ్చిన అమానత్. అమానత్‌కు తగిలిన దెబ్బను దాచడం ఇజ్జత్ కాదు, ఖయానత్.

వచ్చే జుమేరాత్ పాపకు మళ్లీ తారీఖ్ ఉంది. దాదీ ఇంకా వద్దనే అంటోంది. ఆటో నేనే మాట్లాడిపెట్టా.