విషం ఎంత పోయింది?

కేరళలో జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు కర్కాటక మాసం. ముసురు పట్టే ఆ నెలలో ఆకలి మందగిస్తుంది. అందుకే అక్కడివారు ఆ నెలను ఔషధ గంజికీ, తైల చికిత్సలకూ కేటాయించుకున్నారు. కోయంబత్తూరులో స్థిరపడిన మాబోటివాళ్ళకు వాళయార్ దాటితే చాలు, పాలక్కాడు వచ్చేస్తుంది. మూడు తరాలుగా ఇక్కడ ఉంటున్నా మా ఇంట్లో ఆ చికిత్సకు వెళ్ళినవారు ఎవరూ లేరు. నిరుడు ఆ నెలలో నేను వెళ్ళి 16 రోజులు ఉండి వచ్చాను. అప్పటినుంచి కలిసిన ప్రతివారూ వేసే ప్రశ్న ఒక్కటే: "ఒంట్లో విషమంతా పోయిందా?" ఈసారి శీర్షిక దానికే.

నా బాధలు పెద్దవేమీ కావు. ముప్పై ఏళ్ళు బ్యాంకు కుర్చీలో కూర్చున్న నడుం, అర్ధరాత్రి దాటినా పట్టని నిద్ర, భోంచేసిన గంటకల్లా పులితేన్పులు. బీపీకి రోజూ ఒక మాత్ర. మొదటిరోజు వైద్యుడు గంటసేపు ప్రశ్నలు వేశారు. రక్తపరీక్షల కాగితాలు చూశారు. "బీపీ మాత్ర మానొద్దు సార్. ఇక్కడ ఏం చేయబోతున్నామో మీ డాక్టరుగారికి ఫోన్‌లో చెప్పండి" అన్నారు. అంకెలతో బతికినవాణ్ణి కదా, ఉండబట్టలేక అడిగాను: "చికిత్స అయ్యాక ఎంత విషం బయటికి వచ్చిందో తెలుస్తుందా?"

ఆయన నవ్వి, మలయాళం కలిసిన తమిళంలో చెప్పిన సారాంశం ఇది. ఆయుర్వేదం మాట్లాడేది వాత పిత్త కఫ దోషాల గురించి, ఆమం గురించి. ఆమమంటే సరిగా పచనం కాకుండా మిగిలినది. ప్రకటనల్లో కనిపించే 'టాక్సిన్' అనే మాట ఆ శాస్త్రానిది కాదు. దాన్ని గ్రాముల్లో తూచే పరీక్షా లేదు. ఇక ఆధునిక వైద్యాన్ని అడిగితే, మలినాలను తీసే పని కాలేయమూ మూత్రపిండాలూ రోజూ చేస్తూనే ఉన్నాయంటుంది. ఒక్క మూత్రపిండాలే రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో లీటరున్నర మాత్రం బయటికి పంపుతాయి.

పంచకర్మ అంటే అయిదు పనులు: వమనం, విరేచనం, వస్తి, నస్యం, రక్తమోక్షణం. చరకుడి లెక్క కొంచెం వేరు. ఆయన రక్తమోక్షణాన్ని వదిలి, కషాయ వస్తినీ తైల వస్తినీ రెండుగా లెక్కించాడు. అయిదూ అందరికీ చేయరు. నాకు చేసింది విరేచనం ఒక్కటే.

దానికైనా ముందూ వెనుకా చాలా తతంగం ఉంది. మొదటి రెండు రోజులు అరుగుదలకు కషాయం. తర్వాత అయిదు రోజులు తెల్లవారగానే పరగడుపున మందు వేసి కాచిన నెయ్యి. 30 మిల్లీలీటర్లతో మొదలై అయిదో రోజుకు 150 వరకు వెళ్ళింది. పప్పులో నేతిచుక్క తక్కువైతే కంచం ముందు అలిగే నేను, మూడో రోజుకే నెయ్యి వాసనకు మొహం తిప్పుకున్నాను. అలా వెగటు పుట్టడం కూడా, నెయ్యి చాలిందని చెప్పే గుర్తుల్లో ఒకటట. ఆపైన మూడు రోజులు తైలమర్దనం, ఆవిరి. పదకొండో రోజు ఉదయం తెగడ వేరుతో చేసిన లేహ్యం ఇచ్చారు. ఉత్తమమైతే 30 సార్లు, మధ్యమం 20, అధమం 10 అని శాస్త్రంలో లెక్కే ఉంది. నాకు 14 అయ్యాయి. ప్రతిసారీ నర్సు వచ్చి బీపీ చూసి పుస్తకంలో రాసుకుంది. నీరసం రాకుండా గోరువెచ్చని నీళ్ళు తాగించింది.

అసలు పరీక్ష ఆ తర్వాతి అయిదు రోజులు. మొదట పలుచని జావ, తర్వాత చిక్కటి జావ, ఆపైన ఉప్పూ తాలింపూ లేని పెసరకట్టు, తర్వాత ఉప్పూ నెయ్యీ వేసిన పెసరకట్టు, చివరికి అన్నం. మన ఇళ్ళలో జ్వరం తగ్గినవారికి పెట్టే పథ్యం వరస కూడా దాదాపు ఇదే. పిల్లలకు ఆముదం పట్టిన రోజు మా నాయనమ్మ చారన్నం తప్ప మరొకటి పెట్టేది కాదు.

ఫలితం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మూడున్నర కిలోలు తగ్గాను. రెండు నెలల్లో రెండు కిలోలు తిరిగి వచ్చాయి. పులితేన్పులు బాగా తగ్గాయి. నిద్ర పడుతోంది. నడుంనొప్పి ఎప్పటిలాగే ఉంది. బీపీ మాత్ర అంతే వేసుకుంటున్నాను. ఈ లాభంలో మందుకెంత, కాఫీ మానినందుకెంత, రాత్రి తొమ్మిదికే పడుకున్నందుకెంత? ఏ పద్దు కింద ఎంత జమ కట్టాలో నేను తేల్చలేను. ఇంటికొచ్చాక రాత్రి భోజనం ఏడున్నరకే ముగిస్తున్నాను. పక్షానికో పూట జావతో సరిపెడుతున్నాను. ఇప్పటికీ నిలిచిన లాభం ఈ అలవాట్లదేనని నా నమ్మకం.

ఇంత వివరంగా రాయడానికి కారణం మా బావమరిది. అతనికి పన్నెండేళ్ళుగా షుగరు. ఏడు రోజుల్లో ఒళ్ళంతా శుద్ధి అంటూ ఎవరో అమ్మిన పొడులు కొన్నాడు. "ఈ వారం మాత్రలు అక్కర్లేదన్నారు బావా" అని చెప్పాడు. నేనూ మా ఆవిడా వారించినా వినలేదు. అయిదో రోజు షుగరు విపరీతంగా పెరిగి, స్పృహ తప్పి ఆసుపత్రిలో చేరాడు. నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాడు. దేవుడి దయవల్ల బయటపడ్డాడు. మూత్రపిండాలకు కొంత దెబ్బ తగిలిందన్నారు.

ఇంకొక మాట. 2004లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. బోస్టన్ పరిసరాల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా కనబడింది. విషం పోగొట్టుకుందామని వెళ్ళి విషం కొని తెచ్చుకునే ప్రమాదమూ ఉందన్నమాట.

కనుక వెళ్ళదలచినవారు డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు తేల్చుకోండి. చూసేవారు ఆయుర్వేదంలో డిగ్రీ ఉండి, రిజిస్టరైన వైద్యులేనా? మీరు వాడే మందుల చిట్టా అడిగారా? ఇచ్చే మందుల పేర్లు రాసిస్తారా? గది, మందులు, చికిత్స ఖర్చులు విడివిడిగా చెబుతారా? గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారూ, షుగరువారూ, గర్భిణులూ తమ డాక్టరుతో మాట్లాడకుండా అడుగు వేయవద్దు. రోజూ వేసుకునే మాత్రలు మానేయమని ఎవరైనా అంటే, ఆ మాట ముందుగా మీ డాక్టరు చెవిన వేయండి.

వచ్చే సంచికలో నామినేషన్ కాగితాల గురించి. సెలవు.