కిక్కు లెక్కలో ఓడిపోతున్న లాగర్

హైదరాబాదులో ఏ మైక్రోబ్రూవరీలో కూర్చున్నా పక్క టేబుల్ నుంచి ఈ మాట వినబడుతుంది: "లాగరా? అయిదు శాతం కూడా ఉండదంట. గింత రేటు పెట్టి సోడా తాగుడెందుకురా, వైన్స్‌ల రెండు స్ట్రాంగులొస్తయ్." రూపాయికి ఎంత ఎక్కింది? బీరుకు మనవాళ్లు వేసే మార్కులన్నీ ఈ ఒక్క సబ్జెక్టులోనే.

నేను నీతులు చెప్పబోవడం లేదు. తాగొద్దనే వ్యాసాలు బోలెడున్నాయి, వాటి దారి వాటిది. తాగేవాడి పక్షాన నిలబడే అంటున్నాను, ఈ లెక్క తాగేవాణ్ణే ముంచుతుంది. ఎక్కడమే కావాలంటే బీరు దాకా రావడమెందుకు? క్వార్టరుంది కదా.

రుచి చూసి తాగడం దొరల అలవాటనీ, మనది కిక్కు సంస్కృతనీ వాదించేవాళ్లున్నారు. వాళ్లు తెలంగాణ పల్లెలో కల్లు మండువ దగ్గర ఒక్క పూట కూర్చోవాలి. పరుపుతాడా, పోతుతాడా, పండుతాడా? పొద్దుటిదా, మాపటిదా? తీపి మీదుందా, పులుపెక్కిందా? అక్కడి ముసలాయన ఇన్ని అడిగిగానీ గ్లాసు అందుకోడు. శాతం మాత్రం ఎవరూ అడగరు. కిక్కే సరుకైన చోట ఏం జరుగుతుందో కూడా మనకు తెలుసు. డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపిన నీళ్లు కల్లు పేరుతో అమ్ముడవుతాయి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. తాగిన బీదవాళ్లను నేను తప్పుపట్టను. కలిపినవాడికి ధైర్యమిచ్చింది మాత్రం కిక్కుకున్న గిరాకీయే.

సరే, లాగర్ సంగతికి వద్దాం. ఏల్ రకం బీర్లు ఇరవై డిగ్రీల దగ్గర చకచకా పులుస్తాయి, రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వచ్చేస్తాయి. లాగర్ ఈస్టు అలా కాదు. ఎనిమిది నుంచి పదమూడు డిగ్రీల చలిలో నింపాదిగా పని చేస్తుంది. ఆ తరువాత సున్నాకు దగ్గరగా వారాల తరబడి ఊరికే ఉంచాలి. బయట మే నెల ఎండ నలభై దాటి కాస్తుంటే లోపల ట్యాంకును ఆ చలిలో నిలబెట్టడానికి అయ్యే కరెంటు బిల్లు ఊహించుకోండి. ఒక లాగర్ దిగేలోపు అదే ట్యాంకులో రెండు మూడు విడతల గోధుమ బీరు కాచి అమ్ముకోవచ్చు. కాబట్టి గ్లాసుకు మీరిచ్చే డబ్బు ఆల్కహాలుకు కాదు, ఆ వారాలకు.

పైగా ఇందులో తప్పు దాక్కోవడానికి చోటు లేదు. స్టౌట్ రకం బీరులో పొరపాటు జరిగితే కాఫీ వాసన కప్పేస్తుంది, ఐపీఏలో హాప్స్ చేదు కాపాడుతుంది. మామిడి గుజ్జు వేసిన బీరు సంగతి సరేసరి. మొన్న మా పేట బార్‌లో అక్కడే కాచిన లాగర్ తెప్పించుకున్నాను. లేత బంగారు రంగు, వడకట్టనిది గనుక కాస్త మసక. నురుగు రెండు వేళ్ల మందం. తాగుతున్నకొద్దీ గ్లాసు గోడకు వలయాలుగా అంటుకుంది. రొట్టె పైపెచ్చు వాసన, దాని వెనక అప్పుడే కోసిన గడ్డి వాసన. గుక్క పట్టగానే సన్నని తీపి, మింగాక చేదు. ఆ చేదు ఎక్కువసేపు నిలవలేదు. పల్లీ మసాలాలో పచ్చిమిర్చి కారాన్ని ఇంకో గుక్క కడిగేసింది. స్ట్రాంగయితే ఆ మంటలో ఆజ్యం పోసేది. గ్లాసు కొంచెం వెచ్చబడ్డాక సన్నగా వెన్న వాసన తేలింది. డయాసిటైల్ అనే పదార్థం చేసే పని అది. ఈస్టు దాన్ని పూర్తిగా మింగకముందే బీరు దించేశారు, ఇంకొన్నాళ్లు ఉంచాల్సింది. లోపంతో సహా చెబుతున్నాను, ఎందుకంటే ఆ లోపం నాకు తెలియనిచ్చింది లాగరే. మంచు గడ్డలా చల్లబరిచి పోసే ఎనిమిది శాతం బీరులో ఏ వాసనా తేలదు. అసలంత చల్లగా ఇచ్చేదే రుచి తెలియకూడదని.

బొహీమియాలోని పిల్సెన్ ఊరివాళ్లు 1838లో 36 పీపాల బీరు టౌన్‌హాలు ముందు పారబోశారు. కిక్కు తగ్గిందని కాదు, బీరు పాడైందని. ఆ కోపంలోంచే కొత్త బ్రూవరీ పుట్టింది. బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ 1842 అక్టోబరులో అక్కడ బంగారు రంగు లాగర్ కాచాడు. ప్రపంచంలో ఇవాళ అమ్ముడయ్యే లేతరంగు లాగర్లన్నిటికీ మూలపురుషుడు అదే. పిల్స్‌నర్ ఉర్క్వెల్ పేరుతో ఇప్పటికీ దొరుకుతోంది. ఆల్కహాలు 4.4 శాతం.

రేటు ఎక్కువన్న మాట నిజమే, కాదనను. నాలుగు గ్లాసులు తాగేవాడికి జేబు చిల్లే. అయితే రెండింటితో ఆపండి. బ్రూవరీవాడు కూడా గిరాకీని బట్టే కాస్తాడు. మనం శాతమే అడుగుతూ పోతే రేపు మెనూలో లాగర్ ఉండదు, ట్యాంకు నిండా స్ట్రాంగే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు బండి ఇంట్లో పెట్టి వెళ్లండి, మొదటి గ్లాసు లాగర్ చెప్పండి. వెన్న వాసనో, ఉడికిన మొక్కజొన్న వాసనో కొడితే మొహమాటపడకుండా వెనక్కి పంపండి. ఎన్ని వారాలు ఊరిందని అడగండి. ఎంత శాతమని మాత్రం అడక్కండి.