పాత మధువు, ప్రొద్దుటి కల్లు

“పాత ఒక రోత, క్రొత్త ఒక వింత” యని మన లోకోక్తి. ఫ్రాన్సు దేశపు బోర్డో ద్రాక్షమధువునకు ఈ మాట చెల్లదు. మేలిరకపు ఎఱ్ఱమధువు సీసాలో, చల్లని చీకటిలో, పదియిరువది యేండ్లుండి వగరు వీడి మెత్తబడును. వడ్డించువారు అడుగుమడ్డి కదలనీయక దానిని వేఱొక పాత్రలోనికి మెల్లగా వంచుదురు. ముందు పరిమళమును, పిదప రుచిని ఆస్వాదింతురు.

నర్సీపట్నమునకు ఎగువనున్న మన్యములో జీలుగుకల్లు తీరు వేఱు. ఉదయము దింపిన తీపి సాయంకాలమునకు ఘాటెక్కును, మఱునాటికి పులిసిపోవును. అది దాచుకొనుటకు గాదు, నలుగురు కూర్చుండి పంచుకొనుటకు. ఇంటివాడుకకైనను కల్లు గీయరాదని ఆంగ్లప్రభుత్వము ఆంక్షలు పెట్టుట, కల్లుపై పన్ను పేర మన్సబుదారు పీడించుట 1879 నాటి రంప పితూరీకి ముఖ్యకారణములు. ఆ మంట గొలుగొండ కొండలకును ప్రాకినది.

ముదిసిన మధువునకు వేలు వెచ్చించి తలయూచు రసికులు కొండవాని కల్లును మోటని యీసడించుట న్యాయము కాదు. ఒకటి ఓర్పు నేర్పిన రుచి; రెండవది పొత్తు నేర్పిన రుచి. కాలమొక్కటే రుచికి కొలబద్ద కాదు.