నువ్వెవరని అడగని యంత్రం

పిల్లలూ! బడిలో బీరువాకు తాళం ఎందుకు వేస్తారని అడిగితే, "దొంగలు రాకుండా" అని మీరందరూ ఒక్క గొంతుతో చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు గాని, సగమే. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలిసినప్పుడు, లోపలి వస్తువు పోతే తాళంచెవి లేనివారిని ఎవరూ అనుమానించరు. అంటే తాళం దొంగను ఆపుతుంది, అమాయకుణ్ణి కాపాడుతుంది కూడా. కంప్యూటర్ల విషయంలో ఈ రెండో సగాన్ని పెద్దవాళ్ళం తరచు మరచిపోతున్నాం.

మీరు ఫోనులో పరీక్ష ఫలితాలు చూసుకుంటారు కదా! ఆ మార్కులు మీ ఫోనులో ఉండవు. ఎక్కడో ఉన్న మరో కంప్యూటరు మీ నంబరు తీసుకుని, పట్టికలో వెదికి, జవాబు పంపుతుంది. అడిగే యంత్రాన్ని క్లయింట్ అంటారు. అడిగినదాన్ని చూసి, లెక్కకట్టి, అందించేదాన్ని అప్లికేషన్ సర్వర్ అంటారు. పంక్తిలో వడ్డించేవాడి వంటిదన్న మాట.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బడిలో మార్కులన్నీ ఇలాంటి సర్వరులోనే ఎక్కించేవాళ్ళం. ఉపాధ్యాయులందరికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. మరచిపోకుండా దాన్ని బీరువా తలుపు లోపలివైపు రాసిపెట్టాం. ఒకసారి సామాన్యశాస్త్రంలో 38 మార్కులు వచ్చిన తొమ్మిదో తరగతి అబ్బాయికి కంప్యూటరులో 83 కనిపించాయి. ఆ అబ్బాయికి కంప్యూటరు గది అంటే ప్రాణం. బల్లలు తుడవడానికి రోజూ వచ్చేవాడు. అనుమానం అతని మీదే పడింది. "నేను కాదు సార్" అన్నాడు. సర్వరులోని చిట్టా తీసి చూశాం. మార్కులు ఎక్కించింది "టీచర్" అని ఉంది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ఆ అబ్బాయి కంప్యూటరు గది గడప తొక్కలేదు.

లోపం ఎక్కడుంది? సర్వర్ రెండు ప్రశ్నలు వేయాలి. "నువ్వెవరు?" అన్నది మొదటిది, దీన్ని ధ్రువీకరణ అంటారు. "నీకేం అధికారం ఉంది?" అన్నది రెండోది, దీన్ని అనుమతి అంటారు. మీ మార్కులు చూడటానికి మీకు అనుమతి ఉంది, దిద్దడానికి లేదు. ఈ ప్రశ్నలు వేయవలసింది సర్వరే. విద్యార్థి తెర మీద "దిద్దు" అనే బటన్ కనబడకుండా చేసినంత మాత్రాన చాలదు. ఆ బటన్‌తో పని లేకుండానే సర్వరుకు నేరుగా కోరిక పంపడం తెలిసినవారికి కష్టం కాదు. మా బడిలో మొదటి ప్రశ్న వేసినా వేయనట్లే. అందరూ ఒకే జవాబు చెబితే అది జవాబెలా అవుతుంది?

ఈ చిక్కు కొత్తది కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కొర్బాటో బృందం 1961లో ఒకే కంప్యూటరును అనేకమంది పంచుకునే ఏర్పాటు చేసి చూపింది. ఒకరి కాగితాలు మరొకరి కంట పడకుండా ప్రతివారికీ వేరే పాస్‌వర్డ్ ఇచ్చారు. అయితే ఆ పాస్‌వర్డులన్నీ ఒకే ఫైలులో, ఉన్నవి ఉన్నట్టుగా ఉండేవి. ఆ తర్వాత ఒకనాడు రెండు ఫైళ్ళు తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివారికీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ అచ్చయి వచ్చాయి! ఎవరూ దొంగతనం చేయలేదు. దాచిన పద్ధతిలోనే లోపం ఉంది.

ఇప్పుడు మంచి సర్వర్ మీ పాస్‌వర్డును దాచుకోదు. దాన్ని గణితంతో రుబ్బి, వచ్చిన ముద్దనే దాచుతుంది. మినప్పప్పు రుబ్బితే పిండి వస్తుంది గాని, పిండి నుంచి మళ్ళీ పప్పు రాదు కదా! మీరు తిరిగి పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు దాన్నీ అలాగే రుబ్బి, రెండు ముద్దలనూ పోల్చి చూస్తుంది. ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా ముద్దలు వేరుగా ఉండేందుకు ఒక్కొక్కరి దాంట్లో వేరే అంకెలు కొన్ని కలుపుతారు. ఆ అంకెలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఏమిటో తెలుసా? ఉప్పు! బెల్ లాబొరేటరీస్‌లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రకటించిన వ్యాసంలో ఈ ఉప్పు సంగతి ఉంది. తాము సేకరించిన 3,289 పాస్‌వర్డులలో సుమారు 86 శాతం మరీ చిన్నవో, నిఘంటువులో దొరికేవో, తేలికగా ఊహించగలిగేవో అని కూడా వారు తేల్చారు.

"అయితే తప్పు మనుషులదేగా!" అంటారా? ఒక చిన్న లెక్క చేద్దాం. నాలుగంకెల రహస్యసంఖ్యలు మొత్తం 10,000. చేత్తో అయిదు సెకన్లకొకటి చొప్పున ప్రయత్నిస్తే అన్నీ పూర్తి కావడానికి సుమారు 14 గంటలు. యంత్రం సెకనుకు 1,000 ప్రయత్నిస్తే పది సెకన్లు! మరి, అయిదుసార్లు తప్పగానే తలుపు మూసేలా సర్వరును అమర్చితే? గుడ్డిగా ఊహించేవాడు గెలిచే అవకాశం రెండు వేలలో ఒకటి. సంఖ్య మారలేదు, మనిషి మారలేదు. సర్వరులో ఒక్క అమరిక మారింది, అంతే. అందుకే నేను పాస్‌వర్డ్ పెట్టుకున్నవారికన్నా సర్వరును అమర్చినవారినే ముందు ప్రశ్నిస్తాను.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అమరికను అలాగే వదిలేయడం మరో పెద్ద తప్పు. 2016లో మిరాయ్ అనే చెడు ప్రోగ్రాము, తయారీదారులు పెట్టిన సుమారు 60 పేర్లు, పాస్‌వర్డుల జతలను వరుసగా ప్రయత్నించి, ఇళ్ళలోని కెమెరాలనూ రౌటర్లనూ పెద్ద సంఖ్యలో లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాలన్నీ ఒక్కసారిగా డిన్ అనే సంస్థ సర్వర్ల మీద పడేసరికి, అమెరికాలో ఎన్నో పేరున్న సైట్లు గంటల తరబడి అందలేదు. తేలికగా ఊహించగల ఫ్యాక్టరీ పాస్‌వర్డుతో ఇలాంటి పరికరాలను అమ్మకూడదని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం అమలులో ఉంది. భారం తయారీదారు మీద పెట్టడం న్యాయమే.

మరొక సంగతి. బ్రౌజరు మీ సంభాషణ భద్రమని చెప్పినప్పుడు, అవతలి సర్వర్ తన గుర్తింపుపత్రం చూపిందని అర్థం. మీరెవరో దానికి తెలుసునని కాదు. మీ యంత్రం కూడా పత్రం చూపాలని సర్వర్ పట్టుపట్టవచ్చు. అప్పుడు మీ యంత్రం తనలోని రహస్య సంఖ్యను బయటపెట్టకుండానే, దానితో ఒక సంతకం చేసి పంపుతుంది. ఆ సంతకం సరైనదో కాదో ఎవరైనా సరిచూడవచ్చు, కాని ఆ సంఖ్య లేనివారు చేయలేరు. సాధారణంగా సర్వర్లు ఈ పత్రం అడగవు. కావాలని అమర్చితేనే అడుగుతాయి. ఆట స్కోర్లకు ఇది అక్కరలేదు. మార్కులు, జీతాలు, రోగుల వివరాలు దిద్దే యంత్రాలకు ఉండి తీరాలని నా అభిప్రాయం.

ఇంత కట్టుదిట్టం చేస్తే పని సాగదని మా తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. అందులో కొంత నిజం ఉంది. నెలనెలా పాస్‌వర్డ్ మార్చమని వేధిస్తే జనం దాన్ని గోడమీద రాస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా, బయటపడిందన్న ఆధారం లేనిదే ఊరికే మార్పించవద్దని 2017లో చెప్పింది. కాబట్టి మనిషికి భారం తగ్గించండి, సర్వరుకు పెంచండి. కాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు అనే నియమంలో మాత్రం సడలింపు ఉండకూడదు.

ఎందుకంటే, ఆ రోజు మార్కులు ఎక్కించినవారిలో నేనూ ఉన్నాను. 38ని తొందరలో 83గా కొట్టింది నేనే కావచ్చు. కాదని నిరూపించుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, ఆ అబ్బాయి దగ్గరా ఏమీ లేదు. అయినా అనుమానం నా మీద పడలేదు, అతని మీద పడింది. యంత్రం "నువ్వెవరు?" అని సరిగా అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

మీ బడి కంప్యూటరు గదిలో పాస్‌వర్డ్ గోడమీద కనిపిస్తే, దాన్ని వాడి చూడకండి. మీ మాస్టారిని పిలిచి చూపించండి. "సార్, రేపు ఏదైనా తేడా వస్తే, అది మేం చేయలేదని ఎలా తెలుస్తుంది?" అని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.